హన్మండ్లు కెమెరా కన్ను మూసిన రోజు

పోయిన వారం అంబికను గడప ఇవతల, మిస్బాను గడప అవతల నిలబెట్టి వచ్చేశాం. ఇద్దరి మధ్య నెల రోజుల మౌనం ఉంది. పాత పాఠకులు కోప్పడకపోతే, కొత్తగా వచ్చినవాళ్లకు రెండు ముక్కలు చెప్పి లోపలికి తీసుకుపోతాను.

బాన్సువాడలో అంబికది మగ్గం వర్క్ దుకాణం. ఇంటి ముందు గదే దుకాణం. అమ్మానాన్నా పోయాక తమ్ముడు మధుకర్‌ను తానే చదివించింది. ఆన్‌లైన్ కోచింగ్ వింటాడని ఇంట్లో వైఫై కూడా వాడి కోసమే పెట్టించింది. ఆ వైఫైయే కొంప ముంచింది. శ్రావణంలో ఒక ఆదివారం సాయంత్రం, గల్లీ అంతా పెళ్లి బరాత్ చూడబోయిన వేళ, ఎవరో మిస్బా ఫొటోతో దొంగ ఖాతా తెరిచి నోటితో చదవలేని మాటలు రాశారు. మిస్బా అదే గల్లీలో ఉండే అమీర్ పాషా కూతురు, ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. తెల్లారేసరికి ఆ రాతలు ఆమె పాఠం చెప్పే పిల్లల ఇళ్లదాకా పోయాయి. పిల్ల బడి మానేసి గదిలో కూర్చుంది. పోలీసులు ఆరా తీస్తే ఆ రాతలు అంబిక ఇంటి నెట్ నుంచి పోయాయని తేలింది. ఎదురుగా ఎరువుల దుకాణం హన్మండ్లు ముందుకు వచ్చి, "వాళ్ల నెట్‌కు తాళం ఉంటది సార్, ఇంటోళ్లు తప్ప పురుగు సుత వాడదు" అని సాక్ష్యం చెప్పాడు. ఇంట్లో మగవాడు మధుకర్ ఒక్కడే. వాడిప్పుడు నిజామాబాద్ జైల్లో ఉన్నాడు.

తమ్ముడి మీద అంబికకు ఇసుమంత అనుమానం లేదు. హన్మండ్లు మీద మాత్రం ఆమె కడుపులో ఉన్నది కోపం అంటే సరిపోదు. పొద్దున లేచి ఎదురు షట్టర్ పైకి లేచిన చప్పుడు వింటే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు.

ఇక గడప దగ్గరికి పోదాం.

"లోపలికి రమ్మంటవా అక్కా, గిట్లకెల్లి గిట్లనే పొమ్మంటవా?" అంది మిస్బా.

"నీ ఇంట్లకు నిన్ను రమ్మనుడేందే! రా."

మిస్బా లోపలికి వచ్చి మగ్గం పక్కన చాప మీద కూర్చుంది. మనిషి సగమైపోయింది. మంచినీళ్లు ఇస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది.

"నేను వచ్చినట్టు అబ్బాకు తెల్వదు. మధుకరే చేసిండని అబ్బా అంటుండు. పోలీసులు సుత గదే అంటున్నరు. నాకు నమ్మబుద్ధి అయితలేదు. ఎన్నిసార్లు నన్ను బండి మీద బడికాడ దించిండు? ఒక్కనాడన్న ఒక్క మాట తప్పు మాట్లాడలేదు. నువ్వు చెప్పు అక్కా. నీ తమ్ముడేనా?"

"గాదు."

"మరి ఎవలు?"

"గది తెలిస్తే నేను ఈడ పూసలు కుట్టుకుంట కూసుంటనా?"

మిస్బా కాసేపు ఆలోచించింది. లెక్క తప్పిన చోటు వెతికే టీచరు ముఖం అది. "మీ వైఫై పాస్‌వర్డ్ ఏంది అక్కా?" అని అడిగింది.

"నా ఫోన్ నంబరే. డబ్బా పెట్టిపోయినోడు గదే పెట్టిండు. యాదికుంటదని అందరికీ గట్లనే పెడ్తడట."

మిస్బా తల తిప్పి తలుపు బయటికి చూసింది. దుకాణం మీద బోర్డు ఉంది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు: అంబిక మగ్గం వర్క్స్. దాని కింద, బ్లౌజు కుట్టించుకోవాలనుకునే ఆడవాళ్లు రోడ్డు అవతలి నుంచి కూడా చదువుకునేంత లావుగా, ఫోన్ నంబరు.

అంబిక కూడా అటు చూసింది. పీట మీద కూలబడింది. "బస్టాండ్ గోడ మీద సుత రాయించిన్నే" అంది చిన్నగా.

నవ్వకండి. మన దగ్గర ఎవరిని అడిగినా ఇదే కథ. మిల్లుకైనా, మెడికల్ షాపుకైనా, టైలర్‌కైనా బోర్డు మీది నంబరే ఇంట్లో పాస్‌వర్డ్. మీ ఇంట్లో ఏం పెట్టుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకుని, ధైర్యం ఉంటే అప్పుడు నవ్వండి.

మిస్బా లేచి రౌటర్‌ను తిప్పి అడుగున అంటించిన కాగితం చూసింది. దాని మీది అంకెలను అంబిక ఫోన్‌లో కొట్టింది. తెర మీద ఒక పేజీ వచ్చి పేరు, పాస్‌వర్డ్ అడిగింది. రెండింటికీ అడ్మిన్ అనే కొట్టింది. పేజీ తెరుచుకుంది.

"గింతేనా?" అంది అంబిక.

"గింతే అక్కా. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉన్నదే ఉన్నది, ఎవలు మార్చలేదు. నీ వైఫై దొరికినోడు గీ పేజీదాంక రావొచ్చు. వచ్చి తాళం మార్చి నిన్నే బయట పెట్టొచ్చు."

ఇంకో పేజీలో అప్పటికప్పుడు ఆ వైఫైకి తగులుకుని ఉన్న ఫోన్లు, టీవీలు కనపడ్డాయి. వేలితో జరుపుతుంటే కిందికి పోతూనే ఉన్నాయి. ఇంట్లో ఉన్నది అంబిక ఫోన్ ఒక్కటే.

"పేర్లు చదువు" అంది అంబిక.

"పేర్లు గావు అక్కా. కంపెనీ నంబర్లు. ఎవలది ఏదో దేవునికెరుక."

అంబికకు ఒళ్లు మండిపోయింది. ఎవరో ఒకరు కాదు, గల్లీ గల్లీ తన ఇంట్లో చొరబడి కూర్చుంది. నెలనెలా బిల్లు తను కడితే, సినిమాలు వీళ్లు చూశారు. జైలుకు మాత్రం తన తమ్ముడు పోయాడు. పోలీసులు వచ్చిన రోజు ఇదే గల్లీ అరుగుల మీద నిలబడి చూసింది. ఒక్కరు నోరు తెరిచి "మేం సుత వాడుతున్నం సార్" అనలేదు.

"బంద్ చెయ్యి. అందరిది బంద్ చెయ్యి" అంది.

మిస్బా పని మొదలుపెట్టింది. ముందు సెట్టింగుల పేజీకి కొత్త తాళం వేసింది. వైఫై పేరులో అంబిక అని ఉన్నది తీసేసి, ఎవరిదో తెలియని పేరు పెట్టింది. పాత రకం కాపలా తీసి కొత్త రకం పెట్టింది. డబ్బా వెనక బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిసిపోయే ఏర్పాటు ఒకటి ఉంటే దాన్ని ఆపేసింది. బయటి ఊళ్ల నుంచి ఈ డబ్బాను తిప్పే దారి తెరిచి ఉంటే మూసేసింది. చేస్తున్నకొద్దీ ఆమె ముఖంలోకి కొంచెం కొంచెం రంగు వచ్చింది. నెల రోజులుగా తన మీద అందరూ ఏదో ఒకటి చేశారు. తాను చేసిన మొదటి పని ఇది.

"పాస్‌వర్డ్ ఏం పెడ్తం? పొడుగ్గ ఉండాలె. పేర్లు, నంబర్లు, పుట్టినరోజులు వద్దు. నీకు యాదికుండాలె, మందికి తట్టొద్దు."

"రాయి. సాక్షి నోట్ల పురుగులు పడ."

మిస్బా తల ఎత్తింది.

"రాయవే. నాకు సచ్చేదాంక యాదికుంటది."

అచ్చ తెలుగు తిట్టును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, మధ్యలో రెండు గుర్తులు ఇరికించి, మిస్బా పెదవి చివర నవ్వింది. "ఇగ వాడెటోళ్లు వాళ్లే వస్తరు అక్కా" అంది.

"దొంగోడు వచ్చి తాళం ఎందుకు మార్చినవ్ అని అడుగుతడానే?"

"మన గల్లీల అడుగుతడు."

మిస్బాకు మన గల్లీ సంగతి బాగా తెలుసు. మర్నాడు పొద్దున అంబిక వాకిట్లో నీళ్లు చల్లుతుండగానే పక్కింటి లక్ష్మవ్వ వచ్చింది. చంకలో బీడీల చాట, చేతిలో ఫోను.

"ఏమే అంబికా, నీ దాంట్ల ఏం పుట్టింది? నిన్నటిసంది నా సీరియల్ ముంగటికి పోతలేదు. అత్త చెంప మీద కొట్టనీకి చెయ్యి లేపింది, గట్లనే ఉండిపాయె!"

"నా వైఫై నీకెట్లొచ్చె అవ్వా?"

"ఎట్లొచ్చుడేంది! నెత్తి మీద రాసుకున్నవ్ గదనే" అని లక్ష్మవ్వ బోర్డు చూపించింది.

ఆమె తర్వాత ఆటో నడిపేవాడు వచ్చాడు. ఆ తర్వాత ట్యూషన్ చెప్పే ఆయన వచ్చాడు. కూరగాయలమ్మే రూప్లి వచ్చి, మహారాష్ట్రలో ఉన్న చెల్లెలితో వీడియో మాట్లాడుతుంటే ముఖం ఆగిపోయిందని దెబ్బలాడింది. ఒకామె అయితే, ఇంటికి చుట్టాలు వచ్చిన రోజే చూసి బంద్ చేశావా అని నిష్ఠూరమాడింది. ఒక్కరి ముఖంలో సిగ్గు లేదు. బోరింగు చెడిపోతే అడిగినట్టు అడిగారు.

అంబిక అందరి మాటా విన్నది. విని అందరినీ ఒకే మాట అడిగింది. "నేను నీ వైఫై వాడుతున్న అని స్టేషన్ల వచ్చి చెప్తవా?"

ఆటోవాడికి గిరాకీ గుర్తొచ్చింది. ట్యూషన్ ఆయనకు బీపీ గుర్తొచ్చింది. రూప్లి తట్ట నెత్తికెత్తుకుంది. చూస్తుండగానే వాకిలి ఖాళీ అయింది. అంబిక వాళ్ల వీపుల వైపు చూసి కాండ్రించి ఉమ్మింది. వీళ్లు తన వాళ్లే అనుకుని ఇన్నేళ్లు కుట్టు కూలి కూడా తగ్గించి తీసుకుంది.

లక్ష్మవ్వ ఒక్కతే కదల్లేదు. ఆమెకు స్టేషన్ భయం కంటే సీరియల్ బాధ పెద్దది. అరుగు మీద కూర్చుని బీడీ ఆకు కత్తిరించుకుంటూ, "నాదొక్కదాందే బందయిందనుకున్న. హన్మండ్లు కెమెరా సుత బందయినట్టున్నది, పాపం" అంది.

"ఏ కెమెరా?"

"గా షట్టర్ మీదిది. నీ దాని మీదనే నడుస్తది గద. పెట్టినప్పుడు నన్నే అడిగిండు, అవ్వా అంబిక వైఫైకి గా బోర్డు మీది నంబరేనా అని. అవునన్న. ఏందే గట్ల చూస్తవ్? లక్షలున్నోడు సుత పుక్యానికి దొరికితే వద్దంటడా?"

అంబిక రోడ్డు అవతలికి చూసింది. ఎరువుల దుకాణం షట్టర్ పైన కెమెరా ఉంది. రోజూ నీలం రంగులో వెలిగే చిన్న లైటు ఎర్రగా మినుకు మినుకుమంటోంది.

చెప్పకూడదు గానీ, ఆ క్షణం అంబికకు ఒళ్లంతా సంతోషం పాకింది. నెల రోజుల్లో మొదటిసారి ఆకలి కూడా వేసింది. పురుగు కూడా వాడదని పోలీసుల ముందు చెప్పిన నోరు, అదే వైఫై మీద కెమెరా నడుపుకుంటోంది. ఆ కెమెరా చూసేది రోడ్డునే కాదు, రోడ్డు దాటితే ఉన్న తన అరుగును కూడా. ఆ ఆదివారం సాయంత్రం, సిగ్నల్ బాగా అందే ఆ అరుగు మీద కూర్చుని ఎవరైనా రాసి ఉంటే, అది చూసే ఉంటుంది.

వెంటనే ఫోన్ చేసి మిస్బాను పిలిపించింది. "పాత పేరు, పాత నంబర్‌తోని ఇంకో వైఫై పెట్టొస్తదా?"

"వస్తది అక్కా. చుట్టాలకు ఇచ్చెటందుకు వేరేది ఉంటది. అందులకు వచ్చినోడు మన దాంట్లకు రాలేడు. ఎందుకు?"

"నేను రోడ్డవతల నిలబడి చెయ్యి లేపుత. లేపితే పెట్టు. దించితే తియ్యి."

"ఎవలికోసం?"

"చూస్తుండు" అంది అంబిక, చీర కొంగు నడుముకు దోపుకుంటూ.

ఆ రోజు యూరియా వచ్చిన రోజు. హన్మండ్లు దుకాణం ముందు బీర్కూర్, పెద్ద కొడప్‌గల్ రైతులు తమ వంతుకు గుర్తుగా చెప్పులు వరుసగా పెట్టి నీడన కూర్చున్నారు. హన్మండ్లు గల్లా దగ్గర కూర్చుని పేర్లు పిలుస్తున్నాడు. అంబిక చెప్పుల వరుస పక్కనుంచి నడిచి నేరుగా అతని ముందుకు పోయింది.

"కాకా, నీ కెమెరాకు ఏమైంది?"

హన్మండ్లు ఉలిక్కిపడ్డాడు. సాక్ష్యం చెప్పిన నాటి నుంచి ఈ మనిషి ఇటు రాలేదు. "ఏం గాలే బిడ్డా. కరెంట్ ఎక్కువ తక్కువ అయితుంది" అన్నాడు.

"ఫ్యాన్ మంచిగనే తిరుగుతుంది గద."

నీడన కూర్చున్న ఒక పెద్దాయన కలగజేసుకున్నాడు. బీర్కూర్ బుచ్చన్న ఆయన. "కరెంట్ గాదు పటేలా, నెట్టు పోయినట్టున్నది. మా కొడుకు దుకాన్ల సుత నెట్టు పోతే గిట్లనే ఎర్రగ కొట్టుకుంటది" అన్నాడు.

"ఆఁ, నెట్టే. నా నెట్టు ఖరాబైంది. మనిషిని రమ్మన్న."

"నీ నెట్టేనా కాకా?" అంది అంబిక.

"నాదిగాక ఎవలది? మందిది ముట్టుకునే అలవాటు నాకు లేదు."

"అందరు విన్నరు గద" అని అంబిక రైతుల వైపు తిరిగి అడిగింది. ఎందుకు అడిగిందో తెలియకపోయినా వాళ్లు తలూపారు. ఆమె రోడ్డు మీదికి రెండు అడుగులు వెనక్కి వేసి కుడి చెయ్యి పైకి లేపింది.

ఏమీ కాలేదు. లైటు ఎర్రగానే మినుకుతోంది. అంబిక చెయ్యి అలాగే ఉంచింది.

"ఏందే చెయ్యి లేపినవ్? ఓటేస్తున్నవా?" అన్నాడు హన్మండ్లు. రైతులు నవ్వారు. అంబిక చెవులు వేడెక్కాయి. అయినా చెయ్యి దించలేదు. ఇంతమందిలో పిచ్చిదాన్నయినా సరేననుకుంది.

ఇంకాసేపటికి ఎర్ర లైటు ఆరిపోయింది. మరుక్షణం నీలం వెలిగింది.

"వచ్చింది పటేలా, నెట్టు వచ్చింది" అన్నాడు బుచ్చన్న.

అంబిక చెయ్యి దించింది. లైటు నీలం పోయి మళ్లీ ఎరుపయింది. చెయ్యి లేపింది. కాసేపటికి నీలం. దించింది. ఎరుపు. మూడోసారికి నవ్వు ఆగిపోయింది. కూర్చున్నవాళ్లు లేచి నిలబడి, ఒకసారి ఆమె చేతిని, ఒకసారి కెమెరాను చూడసాగారు.

"మా ఇంట్ల పాత పాస్‌వర్డ్ పెడితే నీ కెమెరా కండ్లు తెరుస్తది. తీస్తే మూస్తది. గది నా వైఫై కాకా" అంది అంబిక. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేకపోయింది, అంత నిశ్శబ్దంగా ఉంది దుకాణం. "ఇంటోళ్లు తప్ప పురుగు సుత వాడదన్నవ్ గద సార్ల ముంగట. ఆ పురుగువు నువ్వేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. యూరియా కోసం ఇన్నాళ్లు అతని ముందు చేతులు కట్టుకున్నవాళ్లంతా కడుపారా నవ్వారు. హన్మండ్లు ముఖం కంది నల్లబడింది. గల్లా పెట్టె మూత తెరిచి, ఏం చేయాలో తోచక మళ్లీ మూశాడు.

"నీ ఒక్క మాటకు నా తమ్ముడు జైల్ల కూసున్నడు. తెలివి లేక చెప్పినవా? తెలిసే చెప్పినవ్. రేపు వకీలును తీస్కొని పోత. గీ కెమెరా సుత పట్టుకపోత."

"నేను చెప్త బిడ్డా. కండ్లార చూసిన. నాకేం భయం?" అన్నాడు బుచ్చన్న. రోజూ ముఖాలు చూసుకునే గల్లీవాళ్లు పారిపోతే, ఏ సంబంధమూ లేని బీర్కూర్ ముసలాయన నిలబడ్డాడు. అంబికకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగినవాటిని లోపలికే పంపింది. హన్మండ్లు ముందు ఏడవడానికి ఆమె సిద్ధంగా లేదు.

హన్మండ్లు లేచాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "లోపలికి రా బిడ్డా" అన్నాడు.

"ఈడనే మాట్లాడు."

"నా కోసం గాదే. మధుకర్ కోసం చెప్తున్న."

తమ్ముడి పేరు వినేసరికి అంబిక కదిలింది. దుకాణం వెనక గోదాములో యూరియా వాసన ముక్కులు పగలగొడుతోంది. హన్మండ్లు ఒక బస్తా మీద కూర్చున్నాడు. రైతుల ముందు ఉన్న పటేలు ఇక్కడ లేడు, ఒక ముసలి తండ్రి ఉన్నాడు. అయినా అంబికకు జాలి కలగలేదు. జాలి ఖర్చయిపోయి చాలా రోజులైంది.

"గా ఐతారం సాయంత్రం నా అరుగు మీద ఎవలు కూసున్నరు?"

"నా బిడ్డ."

"సహజనా?"

సహజ హన్మండ్లు ఒక్కగానొక్క కూతురు. రోజూ రోడ్డు దాటివచ్చి తన మగ్గం ముందు కూర్చుని పని నేర్చుకున్న పిల్ల. వదినా వదినా అని వెంట తిరిగితే, వరస కలుపుకుందామని అంబిక మనసులో అనుకున్న పిల్ల. మధుకర్‌ను తీసుకుపోయిన నాటి నుంచి రావడం మానేసింది. తండ్రి కట్టడి చేశాడనుకుంది అంబిక.

"అదే రాసింది. నాతోని ఒప్పుకుంది" అన్నాడు హన్మండ్లు. "మధుకర్ దినాం మిస్బాను బండి మీద ఎక్కించుకపోతుండని కండ్లల్ల నిప్పులు పోసుకున్నది. సార్లు వచ్చి వైఫై ముచ్చట అడిగితే నాకు కాళ్లు చేతులు ఆడలే. ఎవలెవలు వాడుతరు అని తవ్వితే నా ఇంటికే వస్తది. అందుకే ఎవలు వాడరన్న."

"నా తమ్మున్ని అమ్మి నీ బిడ్డను కొనుక్కున్నవ్."

"అవును."

ఆ ఒప్పుకోలు అంబికను చల్లార్చలేదు, ఇంకా రగిల్చింది. "మంచిది. ఇప్పుడు నీ బిడ్డ పోతది లోపలికి. నేనే పంపుత. అది మిస్బా కాళ్ల మీద పడ్డా వదల. నేను నెల దినాలు మింగింది నువ్వు సుత మింగు" అంది.

అతను కాళ్ల మీద పడతాడనుకుంది. పడలేదు. జేబులోంచి ఫోన్ తీసి, ఏదో వెతికి, ఆమె చేతిలో పెట్టాడు.

"పంపు బిడ్డా. పంపేముందు గిది చూడు."

కెమెరా తీసిన వీడియో అది. ఖాళీ రోడ్డు, అవతల తన అరుగు. దూరంగా బరాత్ బ్యాండు వినపడుతోంది. సహజ అరుగు మీద కూర్చుని ఫోన్‌లో వేళ్లు ఆడిస్తోంది. అంబిక పళ్లు బిగించి చూసింది. ఇది చాలు, ఇదే కావాలి అనుకుంది.

అప్పుడు ఆమె ఇంటి తలుపు తెరుచుకుంది. మధుకర్ తువ్వాలతో తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సహజ ఫోన్ పైకెత్తి చూపించింది. వాడు వంగి చదివాడు. నవ్వాడు. ఆమె పక్కన కూర్చుని ఫోన్ తన చేతిలోకి తీసుకుని, తనూ కాసేపు రాసి, తిరిగి ఇచ్చాడు. సహజ అది చదివి వాడి భుజం మీద తల పెట్టి నవ్వింది.

అంబిక మళ్లీ మొదటి నుంచి పెట్టి చూసింది. మళ్లీ అదే నవ్వు. జైల్లో ములాఖత్‌కు పోయినప్పుడు, "నువ్వు చెయ్యలేదని సార్లకు గట్టిగ చెప్పురా" అంటే తల దించుకుని కూర్చున్న తమ్ముడు గుర్తొచ్చాడు. మనసు విరిగి మాట్లాడడం లేదనుకుంది. వాడి చేతిలో అరటిపళ్లు పెట్టి, బస్సులో దారి పొడుగునా ఏడ్చింది. ఆ ఏడుపంతా ఇప్పుడు ఆమెకే అసహ్యంగా అనిపించింది.

"కెమెరాల పాతవి నిలవయి, కొత్తవి ఎక్కుతుంటే పోతయి" అన్నాడు హన్మండ్లు మెల్లగా. "గిదొక్కటే ఉంది, నా ఫోన్ల. నువ్వే తీసెయ్యి. నా మాట నేను వాపస్ తీసుకుంట. నీ వైఫై గల్లీ అంత వాడుతది, నేను సుత వాడిన అని సార్లకు చెప్త. కేసు నిలవది. నీ తమ్ముడు ఇంటికొస్తడు. నా బిడ్డ ఇంట్ల ఉంటది. మనం ఇద్దరం బతుకుతం."

నెల రోజులుగా ఆమె దేవుళ్లకు మొక్కుకున్నది ఇదే. తమ్ముడు ఇంటికి రావాలి, హన్మండ్లు తన నోటితో తప్పు ఒప్పుకోవాలి. రెండూ ఒక్క వేలి కదలికలో ఉన్నాయి. తెర మీద చెత్తబుట్ట బొమ్మ కనపడుతోంది. ఆమె బొటనవేలు దాని మీదికి పోయింది.

"లైటు నీలం ఉంచాల్నా, తియ్యాల్నా అక్కా? ఎంతసేపు చూసినా నువ్వు రాకపోతివి."

గోదాము తలుపు దగ్గర మిస్బా నిలబడి ఉంది. లోపలి చీకటికి కళ్లు అలవాటు చేసుకుంటూ రెండు అడుగులు ముందుకు వేసింది. బస్తా మీద తల పట్టుకుని కూర్చున్న హన్మండ్లును చూసింది. అంబిక చేతిలో అంబికది కాని ఫోన్‌ను చూసింది.

"దొరికిండా అక్కా? ఎవలు?"

అంబిక హన్మండ్లు వైపు చూసింది.

"నాకు చూపెట్టు" అని మిస్బా చెయ్యి చాపింది.

అంబికకు తెలియకుండానే ఆమె చెయ్యి ఫోన్‌తో సహా వీపు వెనక్కి పోయింది.

మిస్బా ఆ చేతిని చూసింది. చాపిన తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె ముఖంలోకి నిన్ననే తిరిగివచ్చిన రంగు మెల్లగా పోయింది.

"హన్మండ్లు కాక సుత గిట్లనే దాచిండు గద అక్కా" అంది.